సెల్ఫ్ తిరుగుతుంది, ఇంజిన్ అందుకోదు: పాత యంత్రాల్లో డీజిల్‌ను ఆపేసే కరెంటు లోపాలు

పొద్దున్నే కీ తిప్పితే సెల్ఫ్ హుషారుగా తిరుగుతుంది, ఇంజిన్ మాత్రం అందుకోదు. డీజిల్ ఫిల్టర్ మారుస్తారు, హ్యాండ్ ప్రైమర్ కొట్టి గాలి తీస్తారు, మళ్లీ సెల్ఫ్ కొడతారు. బ్యాటరీ దిగిపోతుంది గానీ బండి లేవదు. మధ్యాహ్నానికి డీజిల్ పంపు విప్పి విశాఖ ఆటోనగర్‌లో పంపును పరీక్షించే బెంచీ మీదికి ఎక్కిస్తారు. బెంచీ మీద అది బాగానే కొడుతుంది. సెకండ్ హ్యాండ్ జేసీబీలూ పొక్లెయిన్లూ నడిచే చోట ఈ వరస చాలా మామూలు. పంపు విప్పిన కూలీ, పోయిన రోజు బాడుగ, తిరిగి బిగించాక టైమింగ్ తేడా వస్తే ఆ తలనొప్పి, ఇదంతా చాలాసార్లు తుప్పుతో పచ్చబడిన ఒక్క కప్లర్ (వైర్లను కలిపే ముక్క) వల్ల.

పాత బండిలో పంపు అరగదని కాదు, నాజిళ్లు పోవని కాదు. కానీ అవి నెమ్మదిగా పోతాయి. పికప్ తగ్గడం, పొగ పెరగడం, స్టార్టింగ్ కష్టమవడం లాంటి సూచనలు నెలల ముందే కనిపిస్తాయి. నిన్న సాయంత్రం వరకు శుభ్రంగా పనిచేసిన బండి ఇవాళ ఒక్కసారిగా మూగబోయిందంటే, పనిచేస్తూ పనిచేస్తూ కీ ఆపినట్టు ఆగిపోయిందంటే, ముందు అనుమానించాల్సింది కరెంటును. స్పానర్ పట్టే ముందు తేల్చుకోవాల్సినవి మూడు: డీజిల్ వదలమని చెప్పే కరెంటు అక్కడిదాకా వస్తోందా, లోడు పడ్డాక నిలుస్తోందా, ఎర్త్ గుండా తిరిగి వెళ్తోందా. ఈ మూడూ తేలకుండా పంపు మీద చెయ్యి వేయకూడదు.

బండి ఏ తరానిది

పాత యంత్రాలన్నిటికీ ఒకే పరీక్ష పనికిరాదు. అందుకే ముందు బండి ఏ రకమో తెలుసుకోవాలి.

మొదటి రకం పూర్తిగా మెకానికల్ పంపు ఉన్నవి. వీటిలో కరెంటు చేసే పని ఒక్కటే, స్టాప్ సోలనాయిడ్‌ను (కరెంటు పారితే పిన్నును లాగే కాయిల్) తెరిచి ఉంచడం. రోటరీ పంపులో అది పంపు తల దగ్గరే బిగించిన చిన్న ముక్క. కీ ఆన్ చేస్తే లోపలి పిన్ను వెనక్కి వెళ్లి డీజిల్ దారి తెరుచుకుంటుంది. ఇన్‌లైన్ పంపుల మీద అయితే బయట ఒక పెద్ద సోలనాయిడ్, లివర్‌ను లాగుతూ ఉంటుంది. ఎక్కువ బళ్లలో కరెంటు ఉంటేనే ఇంజిన్ నడుస్తుంది, పోతే ఆగుతుంది. కొన్నిటిలో తిరగేసి ఉంటుంది: కరెంటు ఇస్తేనే ఆగుతుంది. ఈ రెండో తరహాలో వైరు తెగితే బండి స్టార్టవుతుంది గానీ కీతో ఆగదు. ఏ తరహాదో చూసుకోకుండా పరీక్ష మొదలుపెడితే ప్రతి ఫలితానికీ తప్పు అర్థమే వస్తుంది.

రెండో రకం, పంపు మెకానికల్ అయినా ఆక్సిలరేటర్‌ను మోటారు తిప్పేవి. కొమాట్సు పీసీ200 ఆరో సిరీస్‌లో గవర్నర్ మోటార్, హిటాచీ ఈఎక్స్200 ఐదో సిరీస్‌లో ఈసీ మోటార్ ఈ కోవలోవి. డయల్ తిప్పితే కంట్రోలర్ మోటారుకు చెబుతుంది, మోటారు పంపు లివర్‌ను జరుపుతుంది, ఎంత జరిగిందో ఒక సెన్సర్ తిరిగి చెబుతుంది. ఆ సెన్సర్ అరిగితే ఇంజిన్ స్పీడు ఒక చోట ఊగుతుంది, లేదా డయల్ తిప్పినా కదలదు. కొమాట్సు బళ్లలో కీ ఆఫ్ చేశాక లివర్‌ను స్టాప్ వైపు లాగేది కూడా ఆ మోటారే. అందుకే "కీ తీసినా బండి ఆగట్లేదు" అన్న ఫిర్యాదుకు పంపుతో సంబంధం ఉండకపోవచ్చు. హిటాచీలో మోటారో కంట్రోలరో మార్చాక ఇంజిన్ లెర్నింగ్, అంటే మోటారు స్థానాలను కంట్రోలర్‌కు మళ్లీ నేర్పే పని, చేయించాలి. అది చేయకుండా కొత్త ముక్క కూడా పాడైందని పక్కన పడేసేవాళ్లున్నారు.

మూడోది కామన్ రైల్, అంటే అన్ని నాజిళ్లకూ ఒకే గొట్టం నుంచి ఎక్కువ ప్రెషర్‌తో డీజిల్ అందేది. చక్రాల మీద నడిచే నిర్మాణ యంత్రాలకు 2021 ఏప్రిల్ 1 నుంచి బీఎస్ 4 కాలుష్య నిబంధన వచ్చాక ఈ రకం బాగా పెరిగింది. ఆ తరం బళ్లు ఇప్పుడు సెకండ్ హ్యాండ్ మార్కెట్‌లోకి వస్తున్నాయి. పీసీ200 ఎనిమిదో సిరీస్ లాంటి పొక్లెయిన్లలో అది అంతకుముందు నుంచే ఉంది. ఇక్కడ డీజిల్ ఎప్పుడు, ఎంత, ఎంత ప్రెషర్‌తో అన్నది మొత్తం ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్ డబ్బా) చేతిలో ఉంటుంది.

విశాఖ గాలి చేసే పని

ఇదే బండి లోపలి జిల్లాల్లో పదేళ్లు నడిచినా కప్లర్లు మెరుస్తుంటాయి. పోర్టు బొగ్గు ప్లాట్లలోనో గంగవరం పోర్టు వైపో మూడేళ్లు తిరిగితే లెక్క మారిపోతుంది. సముద్రం నుంచి వచ్చే తేమలో ఉప్పు ఉంటుంది. అది కప్లర్ సీలు దాటి లోపలికి చేరితే రాగి, తగరం తినేసి పచ్చటి పొడి తయారవుతుంది. దాని మీద బొగ్గు పొడి, ఇనుప ఖనిజం ధూళి పడి తడిస్తే పిన్నుకీ పిన్నుకీ మధ్య కరెంటు కారే దారి ఏర్పడుతుంది. అనకాపల్లి వైపు క్వారీలకు, క్రషర్లకు వెళ్లిన బళ్లలో సమస్య వేరు: రాతి పొడి, ఎడతెగని అదురు. అక్కడ పిన్నులు వదులవుతాయి, వైరు క్లాంపు దగ్గర రాసుకుని తొడుగు అరుగుతుంది. కొనే బండి ఎక్కడ పనిచేసిందో అడగడం ఊసుపోక కాదు, ఎక్కడ వెతకాలో అదే చెబుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను తీరం దాటిన నాటికి ఊళ్లో యార్డులో ఉన్న బండి అయితే, క్యాబిన్ నేల కింద వైరింగ్ ఒకసారి తప్పనిసరిగా విప్పి చూడాలి.

ఇక్కడే ఒక అలవాటు మానాలి. కరెంటు చూడటానికి టెస్టర్ సూదిని వైరు తొడుగులోకి గుచ్చడం. ఆ రంధ్రం కంటికి కనిపించదు, కానీ ఉప్పు తేమకు అది చాలు. కొన్ని నెలల్లో లోపలి పోగులు నల్లబడి, ఆ నలుపు తొడుగు లోపలే రెండు వైపులా పాకుతుంది. బయట వైరు కొత్తదానిలా ఉంటుంది, లోపల రెండు మూడు పోగులే మిగులుతాయి. కరెంటు చూడాలంటే కప్లర్ వెనక నుంచి, సీలు పక్కగా సన్నటి పిన్ను దూర్చి చూడాలి. తప్పక గుచ్చాల్సి వస్తే ఆ చోటును గమ్ము ఉన్న హీట్ ష్రింక్‌తో గానీ సీలెంట్‌తో గానీ అప్పుడే మూసేయాలి.

పొగ చెప్పే మాట

స్టార్ట్ కాని బండికి పరికరం లేకుండా చేసే మొదటి పరీక్ష సైలెన్సర్ దగ్గర ఉంది. ఒకరు సెల్ఫ్ కొడుతుంటే ఇంకొకరు సైలెన్సర్ చూడాలి. తెల్లటి, బూడిద రంగు పొగ వస్తోందంటే సిలిండర్లలోకి డీజిల్ పడుతోంది. అంటే స్టాప్ సోలనాయిడ్ తెరుచుకుంది. అప్పుడు వెతకాల్సింది కంప్రెషన్, హీటర్, టైమింగ్, సెల్ఫ్ స్పీడు, డీజిల్‌లో నీళ్లు. పది పదిహేను సెకన్లు తిరిగినా పొగ జాడ లేదంటే డీజిల్ పడట్లేదు: కరెంటు ఆగింది, లేదా గాలి పట్టింది, లేదా ట్యాంకు నుంచి పంపు దాకా దారి మూసుకుంది.

ఆ చివరి రెండింటినీ ముందే తీసేయాలి. ఫిల్టర్ హెడ్ బ్లీడ్ స్క్రూ వదులు చేసి ప్రైమర్ కొడితే బుడగలు లేని డీజిల్ రావాలి. పని మధ్యలో ఆగిన బండి అయితే ట్యాంకు మూత తీసి వినాలి. బుస్సుమని గాలి లోపలికి పోతే శ్వాస రంధ్రం మూసుకుపోయింది, కరెంటు లోపం కాదు. ఫిల్టర్ కింద గిన్నెలో నీళ్లున్నాయేమో కూడా వదిలి చూడాలి. ఈ ఊరి తేమలో సగం ఖాళీ ట్యాంకులో రాత్రికి రాత్రి నీళ్లు పడతాయి, డ్రమ్ముల్లో నిలవ ఉంచిన డీజిల్ సంగతి చెప్పక్కర్లేదు.

తర్వాత సోలనాయిడ్. కీ ఆన్ చేసి, సెల్ఫ్ కొట్టకుండా, పంపు మీద వేలు పెట్టి ఉంచితే టక్కుమన్న చిన్న అదురు తెలియాలి. తెలియకపోతే టెర్మినల్ దగ్గర వోల్టేజీ చూడాలి, రెండుసార్లు: కీ ఆన్‌లో ఒకసారి, సెల్ఫ్ తిరుగుతుండగా ఒకసారి. రెండోసారి చూడటం చాలామంది వదిలేస్తారు. పాత కీ స్విచ్‌లో లోపలి కాంటాక్టులు కాలితే ఆన్‌లో కరెంటు ఇస్తుంది, స్టార్ట్ వైపు తిప్పగానే సోలనాయిడ్ లైను వదిలేస్తుంది. అలాంటి బండి ఎంతసేపు సెల్ఫ్ కొట్టినా లేవదు, కీ వదిలే క్షణంలో మాత్రం ఒకసారి దగ్గి అందుకుంటుంది. ఆ ఒక్క లక్షణం కనిపిస్తే కీ స్విచ్ మార్చేయవచ్చు, పంపు జోలికి పోనక్కర్లేదు.

బయట ఉండే పెద్ద సోలనాయిడ్‌లో చాలాసార్లు రెండు కాయిళ్లు ఉంటాయి. లాగే కాయిల్ 12 వోల్టుల బండిలో 30 ఆంపియర్లు దాటి తాగుతుంది, అది సెకనో రెండు సెకన్లో మాత్రమే. పట్టి ఉంచే కాయిల్ సుమారు ఒక ఆంపియర్‌తో రోజంతా పట్టుకుని ఉంటుంది. లివర్ లింకు సరిగ్గా సెట్ చేయకపోతే పిన్ను పూర్తిగా లోపలికి కూర్చోదు. అప్పుడు లాగే కాయిల్ కట్ కాదు, నిమిషాల్లో కాలిపోతుంది. కాలిందని కొత్తది వేస్తారు, లింకు అలాగే ఉంటుంది, అదీ కాలుతుంది. కాబట్టి కొత్తది బిగించాక పిన్నును చేత్తో చివరిదాకా నొక్కి చూడాలి. అది పూర్తిగా కూర్చున్నప్పుడే పంపు లివర్ కూడా తన చివరి హద్దుకు చేరాలి, మధ్యలో ఎక్కడా బిగుసుకోకూడదు. తర్వాత డీసీ క్లాంపు మీటరు పెట్టి కరెంటు ఆంపియర్‌కు దిగిందో లేదో చూడాలి.

రోటరీ పంపు సోలనాయిడ్ విప్పి లోపలి పిన్ను తీసేసి బండి నడపడం సైట్ల మీద తరచు కనిపించే పని. అలా స్టార్టయితే లోపం సోలనాయిడ్‌దో దాని లైనుదో అని తేలుతుంది, అంతవరకు నిజమే. కానీ ఆ బండి ఇక కీతో ఆగదు. మనిషి టైరు కింద ఉన్నా, ట్రాక్ కింద ఉన్నా ఆగదు. పరీక్ష అయ్యాక పిన్ను తిరిగి పెట్టాల్సిందే.

మీటరు చూపే 24, బల్బు చెప్పే నిజం

సోలనాయిడ్ వైరు దగ్గర మల్టీమీటరు 24 వోల్టులు చూపిస్తే "కరెంటు బాగుంది" అని తేల్చేస్తారు. మీటరు తాగే కరెంటు దాదాపు సున్నా. ఇరవై పోగుల వైరులో పంతొమ్మిది తెగి ఒక్క పోగు మిగిలినా మీటరు 24 అనే చూపిస్తుంది. సోలనాయిడ్ తగిలించగానే అది 15కో 10కో పడిపోతుంది. అందుకని వోల్టేజీ ఎప్పుడూ లోడు తగిలించి ఉండగానే చూడాలి, లేదా బల్బుతో చూడాలి.

బండి వోల్టేజీకి సరిపోయే 21 వాట్ల ఇండికేటర్ బల్బు, హోల్డరు, పొడవాటి రెండు వైర్లు, చివర క్లిప్పులు ఉంటే చాలు. 24 వోల్టుల మీద ఆ బల్బు ఒక ఆంపియర్‌కు దగ్గరగా తాగుతుంది, అంటే రోటరీ పంపు సోలనాయిడ్ అంత లోడు. ఒక క్లిప్పు సోలనాయిడ్ వైరుకు, ఒకటి నేరుగా బ్యాటరీ నెగటివ్‌కు. బల్బు తెల్లగా వెలిగితే లైను బాగుంది, ఎర్రగా మిణుకుమంటే లైనులో ఎక్కడో నిరోధం ఉంది. తర్వాత క్లిప్పు బ్యాటరీ పాజిటివ్‌కు మార్చి రెండోది సోలనాయిడ్ బాడీకి పెట్టాలి. ఇప్పుడు మసకగా ఉంటే ఎర్త్ పోయింది.

వేడెక్కాక ఆగిపోయి, అరగంట చల్లారాక మళ్లీ స్టార్టయ్యే బండికి ఈ బల్బు ఇంకా గొప్పగా పనికొస్తుంది. సోలనాయిడ్ టెర్మినల్‌కు బల్బును సమాంతరంగా కట్టి, వైరు క్యాబిన్ దాకా లాగి, ఆపరేటర్ కళ్ల ముందు అద్దానికి టేపుతో అంటించాలి. బండిని మామూలు పనిలో పెట్టాలి. ఇంజిన్ ఆగిన ఆ క్షణంలో బల్బు ఏం చేసిందో ఆపరేటర్ చెప్పాలి. బల్బు ముందు ఆరి తర్వాత ఇంజిన్ ఆగితే కరెంటు సరఫరా పోయింది: కీ స్విచ్, ఫ్యూజు, రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్), ఆ మధ్యలోని కప్లర్లు. బల్బు వెలుగుతూనే ఇంజిన్ ఆగితే సోలనాయిడ్ కాయిల్ వేడికి లోపల తెగుతోంది, లేదా అసలు లోపం డీజిల్ దారిలో ఉంది. రెండు రోజులు ఊహలతో గడిపే బదులు ఒక్క పూటలో సగం బండిని అనుమానం నుంచి తప్పించవచ్చు. ఈసీయూ నడిపే సర్క్యూట్లకు మాత్రం ఈ బల్బు పెట్టకూడదు, లోపలి డ్రైవర్లు ఆ లోడుకు కాలిపోతాయి. అక్కడ మీటరే వాడాలి.

బల్బు మసకగా ఉన్నప్పుడు లోపం ఎక్కడో పట్టుకోవడానికి వోల్టేజీ డ్రాప్ పరీక్ష. లోడు ఆన్‌లో ఉండగా మీటరు ఒక సూది బ్యాటరీ పాజిటివ్ మీద, ఇంకోటి ఒక్కో కప్లర్ దాటుకుంటూ. 12 వోల్టుల లైనులో మొత్తం పోవాల్సింది అర వోల్టు, 24లో ఒక వోల్టు లోపు. ఎక్కడ ఒక్కసారిగా రెండు మూడు వోల్టులు కనిపించాయో లోపం అక్కడే. రిలే అయితే 30, 87 అని రాసి ఉన్న కాంటాక్టు పిన్నుల మధ్య చూడాలి. టక్కుమని శబ్దం వచ్చినంత మాత్రాన రిలే బాగున్నట్టు కాదు. లోపల కాంటాక్టు కాలిపోయి ఉండొచ్చు. 24 వోల్టుల బండిలో 12 వోల్టుల రిలే పెట్టిన కేసులు కూడా ఉంటాయి. దాని కాయిల్‌లో నాలుగు రెట్ల వేడి పుడుతుంది, కొన్నాళ్లు నడిచి కాలుతుంది. రిలే మీద రాసినది చదవడానికి ఒక్క నిమిషం పట్టదు.

బ్యాటరీ, ఎర్త్

నిలకడగా ఉన్న 12 వోల్టుల బ్యాటరీ నిండుగా ఉంటే 12.6, సగం ఉంటే 12.2 దగ్గర చూపిస్తుంది. సెల్ఫ్ తిరుగుతుండగా 12 వోల్టుల బండిలో 9.6 కింద, 24లో 19 కింద పడకూడదు. పడితే సోలనాయిడ్ పిన్నును లాగలేదు, ఈసీయూ అయితే సెల్ఫ్ మధ్యలోనే ఆరి మళ్లీ మొదలవుతుంది. సెల్ఫ్ తిరుగుతుండగా బ్యాటరీ నెగటివ్‌కూ ఇంజిన్ బ్లాకుకూ మధ్య అర వోల్టు కన్నా ఎక్కువ కనిపిస్తే ఎర్త్ పట్టీ విప్పి, రంగు గీకి, లోహం మెరిసేదాకా రుద్ది బిగించాలి.

24 వోల్టుల పాత బళ్లలో దాదాపు ఆనవాయితీ అయిపోయిన తప్పు ఇంకొకటి ఉంది. పాటల డబ్బాకో ఫ్యానుకో ఫోను చార్జింగుకో 12 వోల్టులు కావాలని రెండు బ్యాటరీల మధ్య నుంచి వైరు లాగుతారు. నెగటివ్ వైపు ఉన్న బ్యాటరీ రోజూ కొంచెం ఖాళీ అవుతుంది, రెండోది అవసరానికి మించి చార్జవుతుంది. ఆల్టర్నేటర్ దగ్గర 28 వోల్టులు చక్కగా కనిపిస్తాయి, ఎవరికీ అనుమానం రాదు. ఆర్నెల్లకు ఒక బ్యాటరీ నీరసించి, మరోటి ఉబ్బి, సెల్ఫ్ కొట్టినప్పుడు మాత్రమే కనిపించే స్టార్టింగ్ ట్రబుల్ మొదలవుతుంది. రెండు బ్యాటరీలనూ విడివిడిగా కొలవండి. అర వోల్టు తేడా ఉంటే ఆ వైరు తీసేసి, 24 నుంచి 12కు దించే కన్వర్టర్ పెట్టాలి. బ్యాటరీలు రెండూ ఒకే వయసువి, ఒకే కెపాసిటీవి ఉండాలి.

కామన్ రైల్ దగ్గర జాగ్రత్త, క్రమం

ముందు ప్రాణం సంగతి. మెకానికల్ పంపు బండిలో చేసినట్టు నాజిల్ పైపు నట్టు వదులు చేసి డీజిల్ చూడటం ఇక్కడ పనికిరాదు. రైల్‌లో ప్రెషర్ 1600 బార్లు, కొన్నిటిలో అంతకు మించి ఉంటుంది. సన్నటి చీలిక నుంచి వచ్చే డీజిల్ చేతి తొడుగునూ చర్మాన్నీ కోసుకుని లోపలికి పోతుంది. బయట సూది గుచ్చినంత గాయమే కనిపించినా, లోపల కండ చచ్చిపోతుంది. అలా తగిలితే నొప్పి లేకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లి, డీజిల్ ప్రెషర్‌తో లోపలికి పోయిందని స్పష్టంగా చెప్పాలి. లీకు వెతకడానికి చెయ్యి కాదు, అట్టముక్క వాడాలి. ఇంజిన్ ఆపాక కొన్ని నిమిషాలు ఆగి, కంపెనీ పుస్తకం చెప్పిన సమయం గడిచాకే పైపు విప్పాలి.

ఇక కోడ్లు. చాలా బళ్లలో ల్యాప్‌టాప్ లేకుండానే మానిటర్ మీద లోపాల కోడ్లు చూడొచ్చు. జె1939 అనే ప్రామాణిక పద్ధతిలో ప్రతి కోడ్‌కు రెండు భాగాలు: ఎస్‌పీఎన్ అంటే ఏ భాగం, ఎఫ్‌ఎంఐ అంటే ఎలాంటి లోపం. చాలామంది మొదటిదే చదివి ఆ ముక్క కొంటారు. అసలు సంగతి రెండోదానిలో ఉంది. ఎఫ్‌ఎంఐ 3 అంటే వోల్టేజీ ఉండాల్సిన దానికన్నా ఎక్కువ, 4 అంటే తక్కువ, 5 అంటే కరెంటు పారట్లేదు, దారి తెగింది, 6 అంటే కరెంటు మితిమీరింది, ఎక్కడో ఎర్త్‌కు తగిలింది. ఈ నాలుగూ వైరింగ్ మాటలు. 0, 1, 16, 18 లాంటివి వస్తే సెన్సర్ సరిగ్గానే చెబుతోంది, నిజంగానే ప్రెషర్ హద్దు దాటింది అని అర్థం. ఎస్‌పీఎన్ 157 రైల్ ప్రెషర్. 157 పక్కన 3 వస్తే సెన్సర్ కప్లర్ చూడాలి. 157 పక్కన 18 వస్తే ఫిల్టర్, ఫీడ్ పంపు, నాజిళ్ల వెనక్కి కారే డీజిల్ చూడాలి. ఒకే నంబరు, రెండు వేర్వేరు పనులు. 651 నుంచి 656 దాకా ఒకటి నుంచి ఆరు సిలిండర్ల నాజిళ్లు, 97 డీజిల్‌లో నీళ్లు, 190 ఇంజిన్ స్పీడు.

పది కోడ్లు ఒకేసారి వచ్చాయంటే పది ముక్కలు పోలేదు. చాలా సెన్సర్లు ఈసీయూ ఇచ్చే ఒకే 5 వోల్టుల లైను పంచుకుంటాయి. ఒక్క సెన్సర్ లోపల షార్టయినా, ఒక్క వైరు బ్రాకెట్‌కు రాసుకుని ఎర్త్‌కు తగిలినా ఆ 5 వోల్టులు కుప్పకూలి అన్నీ తప్పు చెబుతాయి. ఎస్‌పీఎన్ 3509 లాంటి సెన్సర్ సరఫరా కోడ్ కూడా ఆ జాబితాలో ఉంటే అనుమానం తీరినట్టే. సెన్సర్ కప్లర్‌లో సరఫరా పిన్ను మీద మీటరు పెట్టి, అదే లైను మీద ఉన్న మిగతా సెన్సర్లను ఒక్కొక్కటే ఊడదీస్తూ పోవాలి. ఏది ఊడదీయగానే 5 వోల్టులు తిరిగి వచ్చాయో దోషి అదే. అన్నీ ఊడదీసినా రాకపోతే వైరింగ్. ఈసీయూ పోయిందన్న మాట ఆ తర్వాతే అనాలి. బయట పోయిందని పక్కన పెట్టిన ఈసీయూల్లో బాగున్నవి చాలానే ఉంటాయి.

కోడ్ ఏమీ లేకుండా స్టార్ట్ కాకపోతే ఈ క్రమం: ఈసీయూకు పాజిటివ్, ఎర్త్ లోడు మీద ఉన్నాయా, సెల్ఫ్ తిరుగుతుండగా మానిటర్ మీద ఆర్‌పీఎమ్ కనిపిస్తోందా, రైల్ ప్రెషర్ ఎంత లేస్తోంది. ఆర్‌పీఎమ్ సున్నా అయితే క్రాంక్ సెన్సర్ లేదా దాని వైరు. ఇంజిన్ తిరుగుతున్నట్టు ఈసీయూకు తెలియనంతవరకు అది నాజిల్ తెరవదు. రైల్ ప్రెషర్ 200 నుంచి 250 బార్ల దాకా లేవకపోతే చాలా ఇంజిన్లలో నాజిళ్లు కొట్టవు. రైల్ సెన్సర్ సిగ్నల్ వైరు మీద కీ ఆన్‌లో అర వోల్టు దగ్గర ఉండాలి, సెల్ఫ్ కొడితే పైకి లేవాలి. ఇంజిన్ కదలకుండానే రెండు వోల్టులు చూపిస్తుంటే సెన్సర్ అబద్ధం చెబుతోంది.

కామన్ రైల్ నాజిల్ కాయిల్ నిరోధం చాలావాటిలో ఒక ఓము కూడా ఉండదు, మామూలు మీటరు సూదుల నిరోధమే అంత ఉంటుంది. దాన్ని కొలిచి మంచిచెడ్డలు తేల్చలేం. నాజిళ్లన్నీ పోల్చి చూసి, ఒకటి తెగి ఉందా అన్నంతవరకే చెప్పగలం. ఇంజిన్ నడుస్తుండగా నాజిల్ కప్లర్ ముట్టుకోకూడదు, ఈసీయూ అక్కడికి 50 వోల్టులు దాటి పంపుతుంది. నాజిల్ మారిస్తే దాని మీద ఉన్న కోడ్‌ను ఈసీయూలో ఎక్కించాలి.

కోడ్లు చదివే ల్యాప్‌టాప్ బండితో మాట్లాడకపోతే తొమ్మిది పిన్నుల డయాగ్నొస్టిక్ కప్లర్ చూడాలి: అందులో 'ఏ' అక్షరం ఉన్న పిన్ను ఎర్త్, 'బీ' పిన్ను పాజిటివ్. బ్యాటరీ తీసేసి, సమాచారం పోయే రెండు వైర్ల 'సీ', 'డీ' పిన్నుల మధ్య ఓములు చూడాలి. రెండు చివర్ల 120 ఓముల రెసిస్టర్లు సమాంతరంగా ఉంటాయి గనక 60 రావాలి. 120 వస్తే ఒక చివర తెగింది, సున్నా దగ్గరికి వస్తే రెండు వైర్లూ కలిశాయి.

పాత యజమాని వదిలి వెళ్లినవి

సెకండ్ హ్యాండ్ బండిలో కంపెనీ ఇచ్చిన వైరింగ్ బొమ్మను నమ్ముకుని మాత్రమే వెతకకూడదు. వాయిదాల మీద కొన్న బళ్లకు జీపీఎస్ పెట్టి, కీ లైనులోనో సోలనాయిడ్ లైనులోనో కట్ ఆఫ్ రిలే దూర్చి ఉంటారు. అప్పు తీరాక డబ్బా తీసేస్తారు, రిలే మిగిలిపోతుంది, లేదా తెగిన వైరును మెలిపెట్టి టేపు చుడతారు. డ్యాష్ కింద, కీ స్విచ్ వెనక చెయ్యి పెట్టి కంపెనీ రంగు కాని వైరు ఏదైనా కనిపిస్తే అది ఎక్కడికి పోతుందో చివరిదాకా చూడాలి. సీటు స్విచ్, లాక్ లివర్ స్విచ్ లాంటి భద్రతా స్విచ్‌లను షార్ట్ చేసి ఉంటే తిరిగి కలపాలి. ఫ్యూజు పెట్టెలో 10 ఆంపియర్ల చోట 30 ఉంటే, లేదా రాగి తీగ చుట్టి ఉంటే, అక్కడి నుంచి వెళ్లే వైరు కట్టను మొత్తం తడిమి చూడాలి. కట్ట లోపల తొడుగులు కరిగి ఒకదానికొకటి అతుక్కుని ఉండొచ్చు.

బకెట్‌కు, బూమ్‌కు వెల్డింగ్ అతుకులు ఉన్నాయా అన్నదీ చూడాలి. బ్యాటరీ నెగటివ్ తీయకుండా, ఈసీయూ కప్లర్ ఊడదీయకుండా, ఎర్త్ క్లాంపు దూరంగా పెట్టి వెల్డింగ్ చేస్తే ఆ కరెంటు బేరింగుల గుండా, ఈసీయూ ఎర్త్ గుండా పోతుంది. అప్పటికప్పుడు ఏమీ కాకపోవచ్చు. తర్వాత ఏ కారణం దొరకని సెన్సర్ లోపాలు మాత్రం అక్కడి నుంచే మొదలవుతాయి.

కొనే ముందు బండిని చల్లగా ఉండగానే స్టార్ట్ చేయించాలి. ఇంజిన్ మీద చెయ్యి పెడితే వెచ్చగా తగిలితే ఇంకో రోజు రమ్మన్నట్టే. కోడ్ల జాబితాలో చురుగ్గా ఉన్నవే కాదు, పాతవీ చూడాలి. అన్నీ నిన్ననే చెరిపేసి ఉంటే అదీ ఒక సమాచారమే.

అతుకు వేసే పద్ధతి

లోపం దొరికాక చేసే అతుకు ఈ ఊరి గాలికి ఎన్నాళ్లు నిలుస్తుందన్నదే అసలు పరీక్ష. నల్లబడిన వైరును మెరిసే రాగి కనిపించేదాకా వెనక్కి కోసుకుంటూ పోవాలి, అడుగు పోయినా సరే. మెలిపెట్టి టేపు చుట్టడం కాదు. సరైన కొలత స్లీవు, క్రింపింగ్ పట్టకారు, పైన గమ్ము ఉన్న హీట్ ష్రింక్. వేడి చేసినప్పుడు రెండు చివర్లా గమ్ము బయటికి పొంగితేనే అది మూసుకున్నట్టు. కప్లర్ రబ్బరు సీలు చీలితే కప్లరే మార్చాలి. పిన్నులు కాంటాక్ట్ క్లీనర్‌తో కడిగి ఆరబెట్టి, సీలు చుట్టూ డైఎలెక్ట్రిక్ గ్రీజు పల్చగా రాయాలి. కప్లర్‌లోకి వెళ్లే ముందు వైరు కొంచెం కిందికి వంగి ఉండేలా కట్టాలి, అప్పుడు వాన నీరు ఆ వంపు దగ్గరే కారిపోతుంది. డయోడ్ (కరెంటును ఒకే వైపు పోనిచ్చే ముక్క) ఉన్న సోలనాయిడ్ లైనులో డయోడ్ తిరిగి అదే దిశలో పెట్టాలి. అది లేకపోతే సోలనాయిడ్ ఆఫ్ అయిన ప్రతిసారీ పుట్టే వోల్టేజీ పోటు రిలే కాంటాక్టును కొంచెం కొంచెంగా కాల్చుతుంది.

ఆ తర్వాత బల్బును అలాగే కట్టి ఉంచి బండిని రెండు గంటలు పూర్తి లోడు మీద నడపాలి. ఇంజిన్ వేడిగా ఉండగానే ఆ వైరు కట్టను చేత్తో ఊపి, మామూలు పైపుతో నీళ్లు చల్లి, మళ్లీ ఆపి స్టార్ట్ చేయాలి. ఊపినప్పుడూ తడిసినప్పుడూ కూడా బల్బు ఒక్కసారైనా మిణుకుమనకపోతే క్లిప్పులు తీసి, మార్చిన వైరు రంగు, అతుకు వేసిన చోటు, తేదీ ఒక కాగితం మీద రాసి ఫ్యూజు పెట్టె మూత లోపలి వైపు అంటించాలి.